కాక్‌పిట్ డిజైన్ చేయాలంటే ముందు స్క్రీన్ పక్కన పెట్టండి

బెంగళూరులో ఏవియానిక్స్ (విమానాల ఎలక్ట్రానిక్స్) కంపెనీల్లో కొత్తగా చేరిన మనవాళ్ళు, ఎంటెక్ ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్ళు "అన్నా, కాక్‌పిట్ డిస్‌ప్లే డిజైన్ చేశాను, ఒక్కసారి చూసి చెప్పు" అని బొమ్మలు పంపిస్తుంటారు. బొమ్మలు బాగానే ఉంటాయి. నల్లటి స్క్రీన్, ఆకుపచ్చ అంకెలు, మధ్యలో నీలం, గోధుమ రంగుల హారిజన్ (ఆకాశానికీ నేలకీ మధ్య గీత), అన్నీ చక్కగా అమర్చి ఉంటాయి. నేను అడిగేది ఒకటే: ఆటోపైలట్ ఈ క్షణంలో చేతులెత్తేస్తే ఈ స్క్రీన్ చూసి పైలట్‌కి ఏం అర్థమవుతుంది? అక్కడ ఆగిపోతారు. ఎందుకంటే వాళ్ళు గీసింది అన్నీ సవ్యంగా నడుస్తున్న విమానం కోసం. అలాంటి విమానానికి ఎంత నాసిరకం స్క్రీన్ ఇచ్చినా ఎగురుతుంది.

కాక్‌పిట్‌లో పని మనిషీ మెషీనూ పంచుకుంటారు. మనిషి ఒక్కడే చేసేది, మెషీన్ ఒక్కటే చేసేది దాదాపుగా బాగానే సాగిపోతాయి. గొడవంతా పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారేటప్పుడు, అందులోనూ మారిందన్న సంగతి ఒకరికి తెలియనప్పుడు. అందుకే నా లెక్కలో ముందు అప్పగింతలు డిజైన్ చేయాలి, స్క్రీన్లు ఆ తర్వాత. పని ఎక్కడెక్కడ చేతులు మారుతుందో రాసుకోవాలి, అక్కడ ఏం కనిపించాలో, ఏం వినిపించాలో, చేతికి ఏం తగలాలో తేల్చుకోవాలి, చివరికి మనుషుల్ని కూర్చోబెట్టి చూడాలి. ఎక్కువగా ప్రయాణికుల విమానాల ఉదాహరణలే ఇస్తాను, వాటి ప్రమాద నివేదికలు ఎవరైనా తెచ్చుకుని చదవొచ్చు కాబట్టి.

మన ఊరి నివేదికతో మొదలుపెట్టండి

1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605, అప్పటికి సరికొత్త ఎయిర్‌బస్ ఏ320, బెంగళూరు పాత హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టు రన్‌వేకి ముందే గోల్ఫ్ కోర్సులో నేలని తాకింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. మధ్యాహ్నం వేళ, రన్‌వే కనిపిస్తోంది, ఇంజిన్లలో లోపం లేదు.

విచారణలో తేలినదాని ప్రకారం, నేలని తాకడానికి సుమారు 35 సెకన్ల ముందు, నిమిషానికి 700 అడుగుల వేగంతో దిగాలని వర్టికల్ స్పీడ్ నాబ్ తిప్పాల్సింది. దానికి దగ్గరలోనే ఉన్న ఆల్టిట్యూడ్ నాబ్‌ని పొరపాటున తిప్పి ఉంటారు, 700 అడుగుల ఎత్తు సెట్ అయి ఉంటుంది, అదే ఎక్కువ సంభావ్యత అన్నారు. ఆ నాబ్ తిప్పినాయన కొత్తవాడేం కాదు, కుడి సీట్లో కూర్చుని పక్కాయన్ని చెక్ చేస్తున్న సీనియర్ పైలట్. విమానం అప్పుడున్న ఎత్తు కంటే 700 తక్కువ కాబట్టి మెషీన్ "ఐడిల్ ఓపెన్ డిసెంట్" అనే మోడ్‌లోకి వెళ్ళిపోయింది. ఆ మోడ్‌లో ఇంజిన్లు ఐడిల్‌లో, అంటే కనీస బలంతో, ఉంటాయి, స్పీడ్ నిలబెట్టే బాధ్యత విమానం ముక్కుది, అంటే ఫ్లైట్ డైరెక్టర్ (ముక్కు ఎటు తిప్పాలో స్క్రీన్ మీద చూపించేది) గీసే గీతల్ని అనుసరిస్తూ ముక్కు దించాలి. ఇక్కడ ఒక పైలట్ వైపు ఫ్లైట్ డైరెక్టర్ ఆపేశారు, రెండో వైపుది ఆన్‌లోనే ఉండిపోయింది. రెండూ ఆపి ఉంటే ఆటోథ్రస్ట్ (ఇంజిన్ల బలాన్ని సర్దే ఆటోమేటిక్ వ్యవస్థ) తనంతట తనే స్పీడ్ మోడ్‌లోకి వచ్చి ఇంజిన్లు పెంచేది. ఒకటి మిగిలింది కాబట్టి రాలేదు.

400, 300, 200 అడుగులు అని విమానం పైకి చెబుతున్నా పైలట్లు వెంటనే థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచే లివర్) ముందుకు తోయలేదన్నది నివేదికలో ముఖ్యమైన తప్పు పట్టడం. అది నిజమే. కానీ "పైలట్లు గమనించలేదు" అన్న వాక్యం దగ్గర డిజైనర్ పుస్తకం మూసేయకూడదు, అసలు మన పని మొదలయ్యేదే అక్కడ. బెంగళూరే సముద్రమట్టానికి దాదాపు 2,900 అడుగుల ఎత్తులో ఉంది, ఇక్కడ 700 అడుగులంటే భూమి లోపల ఎక్కడో. ఆ అంకెని మెషీన్ కిక్కురుమనకుండా ఎందుకు తీసుకుంది? ఒక స్విచ్ ఆన్‌లో మిగిలితే ఇంజిన్ల తీరే మారిపోయే లింకు పైలట్ మనసులో ఎంత బలంగా ఉంటుంది? ఎయిర్‌బస్‌లో ఆటోథ్రస్ట్ పనిచేసేటప్పుడు థ్రస్ట్ లివర్లు కదలవు, మరి ఇంజిన్లు ఐడిల్‌కి పడిపోయాయని లివర్ మీద ఉన్న చేతికి ఎలా తెలుస్తుంది? లివర్లు కదిలే బోయింగ్ అయితే సరిపోయేదా అంటే అదీ కాదు. 2013 జులై 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏషియానా 777 ఇలాగే ఐడిల్ ఇంజిన్లతో స్పీడ్ కోల్పోయి రన్‌వే ముందున్న గట్టుని కొట్టుకుంది. ఆటోథ్రాటిల్ (బోయింగ్‌లో ఆటోథ్రస్ట్ పేరు ఇదే) స్పీడ్ చూసుకుంటుందని పైలట్ నమ్మాడు, అది హోల్డ్‌లో ఉంది, అంటే స్పీడ్‌ని పట్టించుకోని స్థితిలో.

పెద్ద కాగితం మీద పట్టిక

కంప్యూటర్ వద్దు, ఏ3 కాగితం తీసుకోండి. ప్రయాణం మొత్తం పెట్టుకోవద్దు, ఒక్క దశ చాలు, ల్యాండింగ్ ముందు చివరి 3,000 అడుగులు అనుకోండి. అందులో చేయాల్సిన పనుల్ని విమానం భాషలో రాయండి: స్పీడ్ నిలబెట్టడం, దిగే దారిలో ఉంచడం, రన్‌వేకి తిన్నగా ఉంచడం, ఫ్లాప్స్ (రెక్కల వెనక దిగే పలకలు), చక్రాలు, రేడియో, దారిలో ఇంకో విమానం ఉందేమో చూడటం. ప్రతి పనికీ ఎదురుగా ఇవి నింపండి. ఇప్పుడు ఈ పని ఎవరి చేతిలో ఉంది. అలా ఉందని రెండో వాళ్ళకి ఎక్కడ తెలుస్తుంది. ఏం జరిగితే చేతులు మారుతుంది: పైలట్ నొక్కితేనా, పక్క పైలట్ నొక్కితేనా, మెషీన్ తనంతట తనేనా, సెన్సర్ పోతేనా. మారిన సంగతి ఎవరు ఎవరికి చెబుతారు. వదిలేస్తే ఎన్ని సెకన్లలో ప్రమాదంలో పడతాం.

చివరి గడి నింపేటప్పుడు బద్ధకించొద్దు. 35,000 అడుగుల దగ్గర ఆటోపైలట్ వదిలేయడం వేరు, 300 అడుగుల దగ్గర వదిలేయడం వేరు, ఒకే హెచ్చరిక రెండు చోట్లా పనికిరాదు.

ఈ పట్టికలో ముందు వెతకాల్సింది ఒక రకం వరస: ఆ పని ఎవరి చేతిలోనూ లేనిది. 605లో స్పీడ్ వరస తీసుకోండి. స్పీడ్ మోడ్‌లో ఆటోథ్రస్ట్ చేతిలో ఉంటుంది. ఓపెన్ డిసెంట్‌లో ముక్కుని నడిపేవాడి చేతిలో ఉంటుంది. ఒక ఫ్లైట్ డైరెక్టర్ ఆపేసి ఒకటి ఉంచేస్తే? నడిపేవాడి ముందు అనుసరించడానికి గీతలు లేవు, మెషీన్ మాత్రం అనుసరిస్తున్నాడనే అనుకుంటోంది. స్పీడ్ గాల్లో దీపం. ఇలాంటి వరస ఒక్కటి పట్టుకున్నా మీ ప్రాజెక్టుకి అదే అసలు ఫలితం. రెండో రకం కూడా ఉంది, ఒకే పని ఇద్దరి చేతుల్లో ఉండి ఇద్దరూ చెరోవైపు లాగడం, దాని సంగతి కిందకి వెళ్ళాక చెప్తాను.

మోడ్‌లు

తక్కువ ఉంటే మంచిదని అందరూ అంటారు, మీటింగ్ అయ్యాక ఇంకోటి కలుపుతారు. సరే, తగ్గించలేకపోతే కనీసం తేడా తెలిసేలా చేయండి.

1992 జనవరి 20న స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఎయిర్ ఇంటర్ 148 కొండని ఢీకొంది, 87 మంది పోయారు. ఒకే నాబ్‌తో దిగే కోణాన్ని డిగ్రీల్లోనూ ఇవ్వొచ్చు, దిగే వేగాన్ని అడుగుల్లోనూ ఇవ్వొచ్చు. 3.3 డిగ్రీల కోణం అనుకుని తిప్పి ఉంటే, మెషీన్ నిమిషానికి 3,300 అడుగులు అని తీసుకుని ఉంటుందన్నది బలంగా నిలబడిన వివరణ. కిటికీలో ఒకదానికి -3.3 అని, ఇంకోదానికి -33 అని కనిపించేది, తేడా ఒక్క చుక్క. తర్వాత దిగే వేగాన్ని నాలుగు అంకెలతో చూపించేలా మార్చారు. మీ స్క్రీన్ మీద ఒకే చోట రెండు అర్థాలున్న అంకె ఏదైనా ఉంటే ఆ చోటుని విడగొట్టండి, లేదంటే ఆకారం, పొడవు, యూనిట్ అన్నీ మారేలా చేయండి. రంగు ఒక్కటే మార్చి చేతులు దులుపుకోవద్దు.

పైలట్ అడిగింది ఒకటి, మెషీన్ చేస్తున్నది ఒకటి కావచ్చు, కాబట్టి ఆ రెండూ విడివిడిగా కనిపించాలి. నాబ్ పక్కన కిటికీలో ఉండే అంకె కోరిక మాత్రమే. నిజంగా ఏ మోడ్ నడుస్తోందో చెప్పేది ప్రధాన డిస్‌ప్లే పైభాగంలో ఉండే మోడ్ వరస. ఎయిర్‌బస్‌లో అక్కడ మోడ్ మారితే పది సెకన్లు చుట్టూ పెట్టె గీస్తారు. మంచి ఆలోచనే, కానీ పైలట్ల కంటి కదలికల్ని కొలిచిన పరిశోధనల్లో ఇలాంటి మార్పుల్ని చాలాసార్లు చూడనే చూడలేదని తేలింది. అందుకని పైలట్ అడిగిన మార్పుకి పెట్టె చాలనుకున్నా, మెషీన్ తనంతట తను చేసిన మార్పుకి చెవికి కూడా ఏదో ఒకటి అందాలని నేను వాదిస్తాను. అడగని మార్పు వైపు ఎవరూ చూడరు మరి.

చేతికి తెలియాలి

రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక, ఫ్లాప్స్ ఎత్తబోయి చక్రాలు ఎత్తేసి నేలమీద బొక్కబోర్లా పడేవి. రెండు స్విచ్చులూ ఒకేలా పక్కపక్కనే ఉండేవి. ఆల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు చక్రాల స్విచ్చుకి చిన్న చక్రం ఆకారం, ఫ్లాప్స్ స్విచ్చుకి రెక్క ఆకారం తగిలించమన్నాడు. ఇప్పటికీ పెద్ద విమానాల అమెరికా నిబంధనల్లో, పార్ట్ 25లో, ఈ నాబ్‌ల ఆకారాలు బొమ్మలతో సహా ఉంటాయి. 1990 నాటి బెంగళూరు ప్రమాద నివేదిక చదువుతుంటే ఈ బాంబర్లే గుర్తొస్తాయి.

యుద్ధ విమానాల్లో ఇంకో చిక్కు. మలుపులో జీ ఫోర్స్ (ఒంటి బరువు పెరిగినట్టు కిందకి నొక్కే బలం) పెరిగితే చెయ్యి ఎత్తడమే కష్టం, అందుకే ముఖ్యమైన స్విచ్చులన్నీ స్టిక్ మీద, థ్రాటిల్ మీద పెడతారు, వేళ్ళు తీయకుండానే పని జరగాలి. టచ్‌స్క్రీన్ పెడదామని ఎవరైనా ఉత్సాహపడితే వాళ్ళకి ట్యాబ్ ఇచ్చి, గ్లవ్స్ తొడిగించి, ఔటర్ రింగ్ రోడ్ మీద 500డి బస్సు చివరి సీట్లో కూర్చోబెట్టి ఆ బటన్లు నొక్కమనండి. గాలి కుదుపులకి ఇది సరిసమానం కాదు గానీ బటన్ సైజు గురించి వాదన మాత్రం ఆరోజే తేలిపోతుంది. మధ్యాహ్నం ఎండ స్క్రీన్ మీద పడేలా కూర్చోవడం మర్చిపోవద్దు.

మెషీన్ వదిలేటప్పుడు

ఇదే అన్నిటికన్నా బరువైన భాగం. ఆస్పత్రిలో డ్యూటీ దిగే నర్సు "మూడో బెడ్‌కి రాత్రి జ్వరం వచ్చింది, ఇంజెక్షన్ ఇచ్చాను, బీపీ మెషీన్ సరిగ్గా చూపించట్లేదు, చేత్తో చూడండి" అని చెప్పి వెళ్తుంది. ఆటోపైలట్ మాత్రం టింగ్‌మని గంట కొట్టి వెళ్ళిపోతుంది.

2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447, ఏ330, అట్లాంటిక్ మీద ఉండగా గాలి వేగం కొలిచే పిటో గొట్టాల్లో మంచు స్ఫటికాలు చేరాయి. స్పీడ్ లెక్కలు ఒకదానికొకటి పొసగలేదు, ఆటోపైలట్, ఆటోథ్రస్ట్ రెండూ ఆగిపోయాయి, కంట్రోల్ కంప్యూటర్లు రక్షణలు తగ్గిన ఇంకో పద్ధతిలోకి దిగాయి. రాత్రి, మేఘాల్లో, నిమిషం ముందు వరకూ ఏ పనీ లేని పైలట్ చేతిలోకి విమానం వచ్చిపడింది. స్క్రీన్ మీద వరసగా మెసేజ్‌లు వచ్చాయి గానీ "స్పీడ్ లెక్క నమ్మొద్దు" అని సూటిగా చెప్పే మెసేజ్ లేదు. విమానం ముక్కు ఎత్తి స్టాల్‌లోకి, అంటే రెక్కలు మోయలేని స్థితిలోకి, వెళ్ళింది. ఆ తర్వాత జరిగింది ప్రతి డిజైనరూ గోడకి రాసి పెట్టుకోవాలి. స్పీడ్ లెక్క 60 నాట్ల కంటే తగ్గితే గాలికి రెక్కలు ఎంత కోణంలో ఉన్నాయో చెప్పే సెన్సర్ లెక్క చెల్లదని కంప్యూటర్ పక్కన పెట్టేస్తుంది, దాంతో స్టాల్ హెచ్చరిక ఆగిపోతుంది. ముక్కు దించితే, అంటే సరైన పని చేస్తే, లెక్క మళ్ళీ చెల్లుబాటై హెచ్చరిక మొదలవుతుంది. తప్పు చేస్తే నిశ్శబ్దం, ఒప్పు చేస్తే మోత. ఆటోపైలట్ ఆగిన నాలుగున్నర నిమిషాల లోపే సముద్రంలో పడిపోయారు, 228 మంది.

కాబట్టి వదిలేసే ప్రతి చోటా నాలుగు సంగతులు రాసుకోండి: వదలబోతున్నానని ముందే చెప్పగలమా, ఎందుకు వదిలానో ఒక్క మాటలో చెప్పామా, ఇప్పటివరకూ నేను ఎంత బలంగా పట్టుకుని ఉన్నానో చూపించామా, ఇంకా నమ్మదగ్గవి ఏవో చెప్పామా. మూడోది జనం ఎక్కువగా మర్చిపోయేది. 1994 అక్టోబర్ 31న అమెరికాలో రోజ్‌లాన్ దగ్గర ఒక ఏటీఆర్ 72 రెక్కల మీద మంచు పేరుకుంది. ఆటోపైలట్ దాన్ని అలాగే పట్టుకుని నడిపింది. చివరికి ఒక్కసారి వదిలేసరికి విమానం పల్టీ కొట్టింది, ఉన్న 68 మందీ పోయారు. మెషీన్ కష్టపడుతున్నట్టు మనిషికి కనిపించకపోతే మనిషికి అంతా సుఖంగా ఉన్నట్టే అనిపిస్తుంది. మామూలు కంటే ఎక్కువ ట్రిమ్ (కంట్రోల్స్‌ని ఒకవైపు నిలిపి ఉంచే సర్దుబాటు), ఎక్కువ చుక్కాని వాడాల్సి వస్తోందంటే ఆ సంగతి ఆటోపైలట్ తన బలం అయిపోకముందే చెప్పాలి.

మనిషి లాక్కునేటప్పుడు

ఇందాక చెప్పిన రెండో రకం వరస. 1994 ఏప్రిల్ 26న నగోయాలో చైనా ఎయిర్‌లైన్స్ 140, ఏ300, దిగుతుండగా గో-అరౌండ్ (దిగడం మానేసి మళ్ళీ పైకి వెళ్ళడం) లివర్ పొరపాటున తగిలింది. మెషీన్ పైకి వెళ్దామంటోంది, కోపైలట్ కిందకి దిగుదామని స్టిక్ తోస్తున్నాడు. మెషీన్ ఊరుకోలేదు, వెనక తోకలో పెద్ద పలకని ముక్కు పైకెత్తే వైపు తిప్పుకుంటూ పోయింది. స్టిక్ మీద బలం పెడితే ఆ మోడ్‌లో ఆటోపైలట్ తప్పుకునే ఏర్పాటు ఆ విమానంలో లేదు. అలా తప్పుకునేలా మార్చుకోమని తయారీదారు బులెటిన్ అంతకుముందే ఇచ్చాడు, ఆ విమానానికి ఇంకా చేయలేదు. 264 మంది.

నియమం సూటిగా ఉంది: మనిషి బలంగా తోస్తే మెషీన్ తప్పుకోవాలి, తప్పుకోకూడని చోటైతే తప్పుకోవట్లేదని అరిచి చెప్పాలి. లోపల లోపల కుస్తీ పట్టకూడదు.

"ఏముంది, ఎర్ర బటన్ నొక్కి అన్నీ ఆపేసి చేత్తో నడుపుకుంటాడు" అనే వాళ్ళు ఉంటారు. 2001 జనవరి 4న ఈ ఊళ్ళోనే మొదటిసారి ఎగిరిన తేజస్ లాంటి విమానంలో ఆ మాట చెల్లదు. దాన్ని కావాలనే అస్థిరంగా కట్టారు, నాలుగు వరసల డిజిటల్ ఫ్లై-బై-వైర్ (కంప్యూటర్ల ద్వారా నడిచే కంట్రోల్స్) పట్టుకోకపోతే మనిషి నడపలేడు. అక్కడ మెషీన్‌ని ఆపడం అనేదే లేదు, ఎంతమేరకు ఎవరిది అన్నదే ఉంటుంది. అలాంటి విమానానికి పట్టిక రాసేటప్పుడు "ఆపేస్తాడు" అనే మాట ఏ గడిలోనూ రాకూడదు.

పక్క సీటు కూడా లెక్కలోకి వస్తుంది. ఎయిర్‌బస్ సైడ్‌స్టిక్‌లు ఒకదానికొకటి కలిసి ఉండవు, ఒకాయన లాగుతుంటే రెండో ఆయన చేతికి తెలియదు. ఇద్దరూ ఒకేసారి కదిపితే లెక్కలు కలిపి "డ్యూయల్ ఇన్‌పుట్" అని చెబుతుంది. ఇప్పుడు గల్ఫ్‌స్ట్రీమ్ జీ500 లాంటి వాటిలో ఒక స్టిక్ కదిలితే రెండోదీ కదులుతోంది. బరువు, ఖర్చు పెరిగినా నా ఓటు దానికే.

మెషీన్ ఏం తిని బతుకుతోంది

ప్రతి ఆటోమేటిక్ ఫంక్షన్‌కీ ఒక గీత గీసి అది ఏ సెన్సర్ మీద ఆధారపడిందో రాయండి. ఒక్క సెన్సర్ మీదే నిలబడి, కంట్రోల్స్‌ని కదిపే శక్తి ఉన్నదేదైనా కనిపిస్తే ఎర్ర పెన్నుతో చుట్టండి. బోయింగ్ 737 మ్యాక్స్‌లో ఎంక్యాస్ అనే ఆటోమేటిక్ వ్యవస్థ ఒక్క కోణం సెన్సర్ మాట విని ముక్కు దించేది, పైలట్ సరిచేస్తే కాసేపాగి మళ్ళీ దించేది. 2018 అక్టోబర్ 29న లయన్ ఎయిర్‌లో 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియన్‌లో 157 మంది. తర్వాత రెండు సెన్సర్లూ పోల్చేలా, ఒక సందర్భానికి ఒక్కసారే పనిచేసేలా మార్చారు. ఎంక్యాస్ ఉన్న సంగతే పైలట్ల మాన్యువల్లో ముందు లేదు, అంటే పనిలో మూడో మనిషి ఉన్నాడని మిగతా ఇద్దరికీ చెప్పలేదు.

హెచ్చరికలు

ఎరుపు అంటే వెంటనే చేయి వేయాలి, అంబర్ (పసుపు నారింజ రంగు) అంటే వెంటనే తెలుసుకోవాలి, తర్వాత చేయి వేయాల్సి రావచ్చు. పార్ట్ 25లో 1322 సెక్షన్ ఇదే చెబుతుంది, ఆ రంగుల్ని అలంకారానికి వాడొద్దు. అన్నీ బాగున్నప్పుడు ప్యానెల్ చీకటిగా ఉండాలి. ఒక శబ్దానికి ఒకే అర్థం ఉండాలి: 2005 ఆగస్టు 14న హీలియోస్ 522లో క్యాబిన్‌లో గాలి పలచబడుతోందని మోగిన హారన్, టేకాఫ్‌కి సరిగ్గా సిద్ధం కాలేదని నేలమీద మోగే హారన్ ఒకటే. పైలట్లు రెండోదే అనుకున్నారు, ఆక్సిజన్ లేక స్పృహ తప్పారు, 121 మంది పోయారు.

ఎప్పుడు మోగకూడదో కూడా రాయండి. ఏ320 టేకాఫ్‌లో 80 నాట్లు దాటాక 1,500 అడుగులు ఎక్కేవరకూ అత్యవసరం కాని హెచ్చరికల్ని ఆపి ఉంచుతుంది, ఆ సమయంలో పైలట్‌కి గ్యాలీ (విమానంలో వంటగది) ఫ్యాన్ కబురు అనవసరం. మెసేజ్‌లు వరదలా వచ్చినప్పుడు ఏది ముందు అన్నది మీరే తేల్చాలి, ఆ పనిని పైలట్ నెత్తిన పెట్టొద్దు. 2010 నవంబర్ 4న సింగపూర్ దగ్గర క్వాంటస్ ఏ380 ఇంజిన్ పేలినప్పుడు కాక్‌పిట్లో మామూలు కంటే ఎక్కువమంది, ఐదుగురు పైలట్లు ఉన్నారు, ఆ మెసేజ్‌ల జాబితా పూర్తిచేయడానికి వాళ్ళకే సుమారు 50 నిమిషాలు పట్టింది.

బాగా కుదిరిన ఉదాహరణ ఒకటి చూడాలంటే ఎఫ్-16లో 2014 నుంచి వాడుతున్న ఆటో జీక్యాస్ గురించి చదవండి. పైలట్ స్పృహ తప్పి విమానం నేలవైపు దూసుకెళ్తే అది తీసుకుని పైకి లేపి మళ్ళీ ఇచ్చేస్తుంది. దాని నియమాల వరస నాకు చాలా ఇష్టం: మొదటిది హాని చేయకు, రెండోది పైలట్ పనికి అడ్డు రాకు, నేలని తప్పించడం మూడోది. అడ్డు రాదన్న నమ్మకం ఉండబట్టే పైలట్లు దాన్ని ఆఫ్ చేసి పెట్టుకోరు.

పరీక్ష

ఖరీదైన సిమ్యులేటర్ దొరికే వరకూ ఆగొద్దు. ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ప్యానెల్‌ని అట్టముక్క మీద అంటించి నాబ్‌లు అసలు సైజులో పెట్టుకున్నా మొదటి విడతకి చాలు. కూర్చోబెట్టేది టెస్ట్ పైలట్లనే కాదు, వాళ్ళు ఎలాంటి డిజైన్‌నైనా నడిపేస్తారు. ఎయిర్‌లైన్‌లో ఎగిరే మామూలు పైలట్, రాత్రి డ్యూటీ చేసి అలసిపోయిన పైలట్, కొత్తగా లైసెన్స్ వచ్చిన కుర్రాడు, వీళ్ళు కావాలి. వాళ్ళని నడుపుతూ పైకి మాట్లాడమనండి, తెలుగాయన అయితే తెలుగులోనే, కన్నడిగుడైతే కన్నడంలోనే మాట్లాడనివ్వండి, కంగారులో ఇంగ్లిష్ వెతుక్కునేవాడు సగం చెప్పడు. "ఇదేం చేస్తోంది? ఎందుకు చేస్తోంది? ఇప్పుడేం చేస్తుంది?" ఈ మూడింట్లో ఏది వినపడినా టైం రాసుకోండి, పట్టికలో ఏ వరస దగ్గర వచ్చిందో గుర్తు పెట్టండి.

మధ్యలో హఠాత్తుగా స్క్రీన్ ఆపేసి అడగండి: ఇప్పుడు ఏ మోడ్? స్పీడ్ ఎవరి చేతిలో ఉంది? ఇంకో నిమిషంలో ఏం జరుగుతుంది? మొదటిదానికి చెప్పి మూడోదానికి తడబడితే డిస్‌ప్లే వర్తమానమే చూపిస్తోందని అర్థం. అయిపోయాక నాసా టీఎల్ఎక్స్ ఫారం ఇవ్వండి, ఆరు ప్రశ్నలే, మనసు మీద పడ్డ భారం తెలుస్తుంది. స్కోర్ తక్కువ వచ్చిందని మురిసిపోకండి, పని మరీ తక్కువైతే మనిషి పరాకులో పడతాడు.

లోపం పెట్టినప్పుడు ఒంటరిగా పెట్టొద్దు, దానితో పాటు వచ్చే మోత మొత్తం పెట్టండి. మ్యాక్స్ ప్రమాదాల తర్వాత 2019 సెప్టెంబర్‌లో అమెరికా ప్రమాదాల విచారణ సంస్థ ఎన్‌టీఎస్‌బీ తప్పుపట్టింది ఇదే. ఎంక్యాస్ తప్పుగా పనిచేయడాన్ని సిమ్యులేటర్లో పరీక్షించారు గానీ, కోణం సెన్సర్ పాడైతే ఒకేసారి వచ్చిపడే మిగతా హెచ్చరికల్ని కలిపి పరీక్షించలేదు. ఒక్క లోపం, ప్రశాంతమైన కాక్‌పిట్, సిద్ధంగా ఉన్న పైలట్ అయితే ఎవరైనా పాసవుతారు.

ఫలితాలు వచ్చాక మీటింగులో "ట్రైనింగ్‌లో చెప్పేద్దాం, మాన్యువల్లో ఒక నోట్ పెడదాం" అనే మాట తప్పకుండా వస్తుంది. అది చివరి దారి. ముందు ఆ లింకునే తీసేయగలమా, లేకపోతే తప్పు అంకె పడకుండా ఆపగలమా, అదీ కాకపోతే కనిపించేలా వినిపించేలా చేయగలమా అని అడగండి. అప్పటికీ మిగిలిన వరసలకి, పైలట్ ఇంత సమయంలో ఇది గమనించి ఇది చేస్తాడని మనం నమ్ముతున్న ప్రతి మాటనీ విడిగా జాబితా రాసి సేఫ్టీ టీమ్‌కి ఇవ్వండి. సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్లు ఖాయం కాకముందే ఇవ్వండి, డీఓ-178సీ (విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణం) పరీక్షలు మొదలయ్యాక ఒక మోడ్ పేరు మార్చమన్నా ఎవరూ ఒప్పుకోరు.